తాటాకు మందం

జంతికలు ఒత్తమంటే నాకు ఇప్పటికీ చేతకాదు. పిండి జారుగా కలిపేస్తాను, గొట్టంలోంచి కారిపోతుంది. తూటాలు ఒత్తమంటే మాత్రం కళ్ళు మూసుకుని ఒత్తగలను. ఈ మాట ఎవరితో అన్నా నవ్వుతారు, నవ్వనివ్వండి. విడవలూరుకు తూర్పున, సముద్రపు హోరు పెరట్లోకి వినిపించే మా ఊళ్ళో, యాభైల చివర్నుంచి పదేళ్ళకు పైగా చుట్టుపక్కల పొలాలను అడవిపందుల నుంచి కాపాడింది ఒకే ఒక్క తుపాకి. అది మా మామగారిది. ఆ ఏళ్ళలో అందులో పేలిన ప్రతి తూటా వెనకా నా చెయ్యి ఉంది. పేలని రెండు తూటాల వెనకా నా చెయ్యే ఉంది. వాటి సంగతే చెప్పబోతున్నాను.

నేను తడ దగ్గర పిల్లని. మా నాయన వడ్లమిల్లులో ఇంజను డ్రైవరు. మా ఇంట్లో గరిటెలకన్నా పానాలు ఎక్కువ. ఏ నట్టు ఎటు తిప్పితే బిగుస్తుందో నాకు అఆలకన్నా ముందే వచ్చు. అలాంటి దాన్ని తెచ్చి ఒక బడిపంతులుకి ఇచ్చి చేశారు. మా ఆయన బంగారంలాంటి మనిషే గాని, సైకిలు చైను ఊడితే దాన్ని ఇంటిదాకా నడిపించుకుని వచ్చి నా ముందు నిలబెట్టే రకం. అత్తగారు నన్ను మెచ్చుకోవాలో తిట్టుకోవాలో తేల్చుకోలేక, "అరవ దేశం పక్క పిల్ల గదా, అట్టనే ఉంటది" అని సరిపెట్టుకునేవారు. నేనూ తక్కువదాన్ని కాదు. నాకు తెలిసిన సంగతి ఎదుటివాళ్ళకు తెలియకపోతే ఒక్క క్షణం ఊరుకోలేకపోయేదాన్ని.

మామగారికి అప్పటికి అరవై దాటాయి. ఊళ్ళో లైసెన్సు ఉన్న మనిషి ఆయనొక్కరే. సరుగుడు తోటల్లోంచి, ఉప్పుటేటి పక్క పొదల్లోంచి పందులు దిగి, ఇసుక నేలల్లో వేసిన శెనక్కాయల చేలను తెల్లారేసరికి దున్నినట్టు చేసి పోయేవి. ఎవరి చేలో పంది పడినా మా ఇంటికే పరుగెత్తుకొచ్చేవాళ్ళు. ఆయన పంచె పైకి కట్టి, నడుమ మడిచి తూటాలు పెట్టి మూసే రెండు గొట్టాల తుపాకి భుజాన వేసుకుని బయల్దేరేవారు. ఆయన చేతికి వణుకు తెలియదని ఊరంతా చెప్పుకునేది. ఆయన పైకి ఏమీ అనేవారు కాదు గాని, ఆ మాట వింటే మీసం దువ్వుకునేవారు.

చిక్కల్లా తూటాలతోనే వచ్చేది. నెల్లూరు దుకాణంలో ఉన్ననాడు ఉండేవి, లేనినాడు లేవు. అందుకని కాల్చేసిన తూటాల ఇత్తడి గొట్టాలను దాచి, వాటిలోనే మళ్ళీ మందూ గుండ్లూ నింపుకునేవారాయన. దెబ్బ తగిలితే మందుకి నిప్పంటించే చిన్న బిళ్ళ క్యాపు; కాలిన పాతదాన్ని గొట్టం అడుగు నుంచి మేకుతో పొడిచి తీయడం, సుత్తితో తట్టి కొత్తది కూర్చోబెట్టడం. ఒకటి సరిగ్గా వచ్చేది, ఒకటి వంకర పోయేది. కాలిన గొట్టం ఉబ్బి, తుపాకిలో దూరేది కాదు. ఇదంతా చూసి ఎవరో చెబితే, నెల్లూరులో వేట మానేసి ఊరు విడిచి వెళ్ళిపోతున్న ఒక రిటైరైన ఆఫీసరు దగ్గర్నుంచి తూటాల ప్రెస్సు ఒకటి కొని, గోనెపట్టాలో చుట్టి బండిలో వేసుకుని తెచ్చారు. ఆ ఏటి దసరా అప్పటికే వెళ్ళిపోయింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, దీనితో పని ఉంది.

అడుగున్నర ఎత్తు నల్లటి ఇనుప చట్రం అది. పైన మర తొలిచిన కన్నంలోకి ఇనుప అచ్చు దిగుతుంది. కింద అరచేతి వెడల్పు ఇనుప పీట, దాని నడిమధ్య పెన్సిలు ముక్కంత పిన్ను. పక్కన మూరెడు పిడి. పిడి లాగితే పీట పైకి లేచి, దాని మీద నిలబెట్టిన గొట్టాన్ని అచ్చులోకి నెడుతుంది. ఉబ్బిన గొట్టం మళ్ళీ తన కొలతకి వస్తుంది. కొత్త క్యాపు పిన్ను మీద పెట్టి ఇంకోసారి లాగితే, అది గొట్టం అడుగున ఉండే గుంటలో కూర్చుంటుంది. దానితో పాటు ఇంగ్లీషులో అచ్చేసిన కాగితం ఒకటి ఇచ్చారు. మా ఆయన అది చదివి, తెలుగులో చెప్పి, ఇక తన పని అయిపోయిందన్నట్టు బడికి వెళ్ళిపోయాడు. ఆ కాగితంలో ఒక మాట కింద గీత గీసి ఉంది. క్యాపు గొట్టం అడుగుతో సమంగా కూర్చోవాలి, పైకి పొడుచుకుని ఉండకూడదు.

పొయ్యికీ దీపానికీ దూరంగా ఉండాలని, పశువుల కొట్టం అవతల వసారాలో దానికి చోటు చూశారు. మొదట మామిడిచెక్క బల్లకి బిగించారు మామగారు. పిడి లాగగానే బల్ల వెనక కాళ్ళు పైకి లేచాయి. ఇసుక బస్తా ఎత్తి బల్ల మీద పెట్టారు. ఈసారి కాళ్ళు లేవలేదు గాని చెక్క వంగింది. వంగిన చెక్క మీద అచ్చు ఒక వైపుకి ఒరిగి, గొట్టం మూతి అణిగిపోయింది. నేను మజ్జిగ చెంబు పట్టుకుని గడపలో నిలబడి చూస్తున్నాను. నా నోరు ఊరుకుంటుందా?

"మామా, మన రోలు ఎందుకు కదలదు?" అన్నాను.

"ఏందమ్మా?"

"రోలు సగం భూమిలో ఉంటది గదా. దీనికీ కాళ్ళు పాతిపెట్టించండి. ఈ మామిడి చెక్క పనికిరాదు."

లోపల్నుంచి అత్తగారు, "ఆ, వచ్చిందండీ పెద్ద మేస్త్రి! ఏమ్మే, కూర మాడతా ఉండాది, ముందు అది చూసుకో" అన్నారు. మామగారు మాత్రం మజ్జిగ తాగుతూ రోలు వైపే చూశారు. మర్నాడు జాలర్ల పల్లెపాలెం వెళ్ళి, విప్పేసిన పాత పడవ అడుగు చెక్క తెచ్చారు. ఏళ్ళ తరబడి ఉప్పునీళ్ళు తాగిన చెక్క అది, మేకు కూడా దిగనని మొరాయించింది. తాటి మొద్దులు నాలుగు మోకాటి లోతు పాతి, వాటి మీద ఆ చెక్క వేసి, నాలుగు బోల్టులతో ప్రెస్సు బిగించాం. బిగించాం అనే అంటున్నాను. కింది నట్లు బిగించింది నేనే.

తర్వాత అచ్చు సర్దడం. అసలు పని అక్కడే ఉంది. అచ్చు మరీ కిందికి దిగితే గొట్టం నలుగుతుంది. పైన ఉండిపోతే ఉబ్బు తగ్గదు. మామగారు కంటితో చూసి తిప్పేవారు. ఒక గొట్టం నలిగింది, ఇంకోటి తుపాకిలో పట్టలేదు. రెండు రోజులు ఇదే తంతు. మూడోనాడు ఆయన విసుగెత్తి పానా నా చేతికిచ్చి, "నువ్వు చూడమ్మాయ్, నీ నోరు నువ్వెట్టా మూసుకోవు గదా" అన్నారు. ఆయన కోపంగానే అన్నారు, నాకు మాత్రం పట్టు చీర పెట్టినట్టయింది.

మిల్లులో మా నాయన రెండు ఇనుప ముక్కల మధ్య సందు కొలవడానికి సన్నటి రేకులు వాడేవాడు. అవి మాకెక్కడివి? అత్తగారి విసనకర్ర అంచు నుంచి రెండంగుళాల తాటాకు ముక్క కత్తిరించాను. పిడి పూర్తిగా లాగిపెట్టి, అచ్చు మూతికీ పీటకీ నడుమ ఆకు పెట్టి, అచ్చును మెల్లిగా దింపాను. ఆకు ఆడినంతసేపూ తిప్పాను. ఆకు చిక్కుకుంటే పావు చుట్టు వెనక్కి. చివరికి ఆకు పట్టీ పట్టనట్టు, లాగితే వేలికి చిన్న గీరుడు తెలిసేటట్టు కుదిరింది. అచ్చు మీద నట్టు బిగించేటప్పుడు అచ్చు కూడా దానితో పాటు తిరిగిపోతుంది, అందుకని అచ్చును ఒక పానాతో పట్టుకుని నట్టును ఇంకో పానాతో బిగించాలి. బిగించాక మళ్ళీ ఆకు చూడాలి. మొదటి గొట్టం వెన్నలో దిగినట్టు దిగి వచ్చింది. తుపాకిలో వేస్తే టక్కున కూర్చుంది. మామగారు ఆ గొట్టాన్ని వెలుతురులో పెట్టి తిప్పి తిప్పి చూసి, "బాగుండాది" అన్నారు. ఆయన నోట ఆ మాట రావడం గగనం.

ఆ తాటాకు ముక్కని నా పాత కుంకుమ భరిణె కడిగి, ఆరబెట్టి, అందులో దాచాను. ప్రెస్సు దగ్గర కూర్చున్నప్పుడల్లా మొదట భరిణె తీయాలి, ఆకు చూడాలి, తర్వాతే పని. ఆ నియమం పెట్టింది మామగారే. గొట్టాల పనీ క్యాపుల పనీ నాది. మందూ గుండ్లూ కొలిచి నింపడం ఆయనది, ఆ డబ్బా నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు. పని మొదలుపెట్టే ముందు, ఎన్నిసార్లు చేసినా, ఒకే ప్రశ్న వేసేవారు.

"ఆకు చూసినావా?"

"చూసినా మామా."

ఆ ఏడు మా తూటా ఒక్కటి కూడా తప్పలేదు. శెనక్కాయ పంట ఊళ్ళో అందరికీ ఇల్లు చేరింది. "తూటాల కోడలు" అని నాకు పేరు పడింది. అనేవాళ్ళు ఎగతాళికే అన్నారేమో, నేను బిరుదుగానే తీసుకున్నాను.

మళ్ళీ దసరా వచ్చింది. ప్రెస్సు మా ఇంటికొచ్చాక అదే మొదటి ఆయుధపూజ. నాగలి, కొడవళ్ళు, కత్తిపీట, మా ఆయన సైకిలు, అన్నీ కడిగి వసారాలో పెట్టాం. ప్రెస్సును కదిలించలేం కాబట్టి దాని దగ్గరికే పళ్ళెం తీసుకెళ్ళాను. అన్నం పెట్టే వస్తువు ఎంతో, పంట కాపాడే వస్తువూ అంతే గదా. భక్తి కూడా నాకు కొంచెం ఎక్కువే. పిడికి పసుపు రాశాను, చట్రానికి గంధం పూసి కుంకుమ బొట్లు పెట్టాను. అంతటితో ఆగానా? అసలు పని చేసేది పీట కాబట్టి పీటకి తక్కువ చేయకూడదని, పిన్ను చుట్టూ నువ్వుల నూనెలో కలిపిన పసుపూ గంధమూ నిండుగా మెత్తి, నడుమ బొట్టు పెట్టాను. అత్తగారు కూడా చూసి, "చక్కంగా చేసినావే" అన్నారు. పూజలో పెట్టినవాటిని దశమి దాకా ముట్టుకోకూడదు. అది అలాగే ఉండిపోయింది.

దశమి మర్నాడు మంచి ఘడియ చూసి పని మొదలుపెట్టాం. కంటికి కనిపించిన గంధమంతా గుడ్డతో తుడిచాను. వానలు ముంచుకొస్తున్నాయి, వసారాలోకి జల్లు కొట్టకముందే ఇరవై తూటాలు నింపేయాలని మామగారి తొందర.

"ఆకు చూసినావా?" అన్నారు.

భరిణె లోపల గూట్లో ఉంది. దసరాకి ముందు వారమే చూశాను. ఆ తర్వాత పిడి కూడా లాగలేదు, నట్టు ముట్టుకోలేదు. ఇనుము తనంతట తాను పెరుగుతుందా?

"చూసినా మామా," అన్నాను.

సందు మారలేదని నాకంత నమ్మకం. అబద్ధమాడుతున్నానని కూడా నాకు తోచలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ రెండు మాటలకి నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఇరవై గొట్టాలూ వరసగా ఒత్తి, క్యాపులు వేసి ఇచ్చాను. ఆయన మందూ గుండ్లూ నింపి, మూతికి అట్టబిళ్ళలు పెట్టి, లక్క పోసి డబ్బాలో సర్దారు. తర్వాత వానలు పట్టుకున్నాయి. తుపాకి దూలానికే వేలాడింది.

మాఘమాసంలో శెనక్కాయ ముదురుతుండగా పందులు దిగాయి. ఒకరోజు పొద్దున్నే, ఎండ ఇంకా ముదరకముందే, మా చేలోనే ఒక మగపంది ఉందని మా పాలేరు వచ్చి చెప్పాడు. చిన్నప్పట్నుంచీ మామగారి వెంటే తిరిగిన మనిషి అతను. ఇద్దరూ వెళ్ళారు. అతను అవతలి గట్టు నుంచి డబ్బా వాయిస్తూ పందిని తోలాడు. అది తాటిమట్టల దడి దగ్గర చిక్కుకుని వెనక్కి తిరిగింది. ఇరవై అడుగుల దూరంలో మామగారు గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కారు. టక్కుమంది, పేలలేదు. రెండోది నొక్కారు. అదీ టక్కుమంది. పంది ఆయన మీదికి రాలేదు, పాలేరు మీదికి పోయింది. తొడ చీరేసి సరుగుడు తోటలోకి పారిపోయింది.

అతన్ని మంచం మీద రోడ్డు దాకా మోసి, బస్సులో నెల్లూరు ఆసుపత్రికి చేర్చారు. ప్రాణానికి భయం లేదన్నారు, కాలు మాత్రం మునుపటిలా ఉండదన్నారు. మామగారు రెండు రోజులు ఆసుపత్రిలోనే ఉండి ఆదివారం పొద్దున ఇంటికొచ్చారు. స్నానం కూడా చేయకుండా తుపాకి దించి, తుడిచి, పాత దుప్పటిలో చుట్టి తాడు కట్టారు.

"రేపు స్టేషన్లో ఇచ్చేస్తా. లైసెన్సు రద్దు చేసుకోమంటా," అన్నారు.

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మా ఆయన ఏదో అనబోతే మామగారు వినలేదు. అరుగు మీద కూర్చుని తన రెండు చేతులూ ముందు పెట్టుకుని చూసుకుంటూ అన్నారు.

"మూసేటప్పుడే తుపాకి బిగువుగా ఉండింది. రెండుసార్లు నొక్కితే గాని మూతబళ్ళా. చేతుల్లో సత్తువ తగ్గిందిలే అనుకున్నా. నింపేటప్పుడు కూడా ఈ చేతులే ఏందో తప్పు చేసినాయి. ఇంకెందుకు ఇవి? ఒక మనిషిని కుంటోణ్ణి చేసినాయి."

అంతటి మనిషి కళ్ళు నిండడం నేను చూడలేకపోయాను, పెరట్లోకి వెళ్ళిపోయాను. కానీ ఆయన అన్న ఒక మాట నా వెనకే వచ్చింది. తుపాకి మూసేటప్పుడు బిగువుగా ఉందట. సత్తువ లేక తుపాకి బిగువవడమేమిటి? మా నాయన దగ్గర పెరిగినదాన్ని, ఇనుము బిగువుగా ఉందంటే మధ్యలో ఏదో అడ్డం ఉందనే నాకు తెలుసు.

డబ్బాలో మిగిలిన పద్దెనిమిది తూటాలూ, పేలని రెండూ వసారాలో వరసగా పెట్టుకున్నాను. పేలనివాటి క్యాపుల మీద దెబ్బ గుంటలు కనిపిస్తున్నాయి. మిగతావాటి అడుగున గోరు పెట్టి గీశాను. గోరు క్యాపు అంచుకి తగిలి ఆగింది. ఇంకోటి చూశాను, అదీ అంతే. పద్దెనిమిదికి పద్దెనిమిదీ క్యాపు పైకి పొడుచుకునే ఉంది. కాగితంలో గీత గీసిన మాట గుర్తొచ్చింది.

భరిణె తెచ్చి ఆకు తీశాను. పిడి లాగి, సందులో పెట్టాను. ఆకు దూరలేదు. చలికాలం తేమకి ఉబ్బిందేమోనని ఎండలో పెట్టి మళ్ళీ చూశాను. అయినా దూరలేదు. అప్పుడు వంగి పీట మీద వేలు రాశాను. నున్నగా, నల్లగా, ఇనుము లాగే ఉంది. కత్తి మొనతో గీకితే పెచ్చు లేచింది. పెచ్చు లోపల పసుపు రంగు. నేను మెత్తినదాంట్లో గుడ్డకి రాకుండా మిగిలిన పసుపూ గంధమూ నూనెలో నాని, ఇనుప రజను పట్టి, ఒక్కో పిడి లాగుడికీ అణిగి అణిగి, గచ్చు చేసినట్టు గట్టిపడింది. దాని మందం సరిగ్గా తాటాకంత. ఆ మేరకి గొట్టం పైకి లేచింది, ఆ మేరకి క్యాపు గుంటలో దిగలేదు. తుపాకి కొట్టిన దెబ్బంతా దాన్ని లోపలికి నెట్టడానికే సరిపోయింది, పేల్చడానికి మిగల్లేదు.

ఆయన చేతులు ఏ తప్పూ చేయలేదు. నా చేతులు చేశాయి. చేతులకన్నా ముందు నా నోరు చేసింది.

నేను తప్పు ఒప్పుకునే మనిషిని కాను. పుట్టింట్లో కూడా తప్పు నాదని తేలితే అలిగి పడుకునేదాన్ని.  చెబితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ప్రెస్సు వైపు మళ్ళీ చూడనివ్వరు. తూటాల కోడలు అన్న నోళ్ళే ఇంకోలా అంటాయి. పాలేరు భార్య నా మొహాన ఏం కొడుతుందో. చెప్పకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. గంధం గీకేసి, రెండు రోజులాగి 'క్యాపులే చెడ్డవి' అనేస్తే సరిపోతుంది. కానీ ఆయన మాత్రం బతికినన్నాళ్ళూ ఆ చేతుల్ని అలాగే చూసుకుంటారు. చొక్కా గుండీ పెట్టుకునేటప్పుడు కూడా అనుమానంతోనే పెట్టుకుంటారు.

సోమవారం పొద్దున ఆయన తెల్ల పంచె కట్టి, దుప్పటి మూట చంకన పెట్టుకుని అరుగు దిగుతుంటే ఎదురుగా నిలబడ్డాను.

"మామా, ఆ పేలని రెండు తూటాలే మళ్ళీ వేసి కాల్చండి. ఆ తర్వాత మీ ఇష్టం."

"పక్కకి జరుగమ్మాయ్."

"జరగను."

"ఏమ్మే, నీకు మతి పోయిందా?" అని అత్తగారు వచ్చారు. మామగారి కళ్ళు ఎర్రబడ్డాయి. ఇక లాభం లేదని, అందరి ముందూ చెప్పేశాను. పీట మీద గంధం మెత్తింది నేను. ఆ రోజు ఆకు చూడలేదు. మీరు అడిగితే చూసినానని చెప్పినా. తూటాలో తప్పంతా నాది, మీరు నింపిన దాంట్లో ఏ తప్పూ లేదు. నన్ను నేను కాపాడుకోవడానికి ఒక్క మాట కూడా కలపలేదు. అంత పొదుపుగా నేను మాట్లాడింది జన్మలో ఆ ఒక్కసారే.

ఆయన మూట అరుగు మీద పెట్టి వసారాలోకి నడిచారు. నా చేతిలో భరిణె అందుకుని, ఆకు తీసి, తనే పిడి లాగి సందులో పెట్టి చూశారు. ఆకు మడత పడింది. కత్తి మొనతో పీటని గీకారు. పసుపు పెచ్చును వేళ్ళ మధ్య నలిపారు. తర్వాత తుపాకి విప్పి, ఆ రెండు తూటాలూ తీసుకుని, ఇంటి వెనక ఇసుక దిబ్బ దగ్గరికి వెళ్ళారు. మేమంతా వెనకే వెళ్ళాం. మా ఆయన అప్పటికే చెవులు మూసుకున్నాడు.

తూటాలు వేసి తుపాకి మూశారు. మొదటి దెబ్బకి క్యాపులు లోపలికి దిగి ఉన్నాయి కాబట్టి ఈసారి బిగువు లేదు. దిబ్బ అవతలి మోటబావి దగ్గర ఎవరూ లేరని చూసుకుని, దిబ్బకి గురిపెట్టారు. ఒకటి పేలింది. ఇసుక లేచింది. రెండోదీ పేలింది. కాకులన్నీ ఒక్కసారిగా లేచి అరిచాయి.

ఆయన తుపాకి దించి, పొగ వెళ్ళేదాకా అలాగే నిలబడ్డారు. తర్వాత నా వైపు తిరిగారు. తిడతారని, కొట్టినా కొడతారని కాచుకుని ఉన్నాను. ఆయన కుడిచెయ్యి తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి చూసుకున్నారు.

"అయితే నా చేతులు బాగానే ఉండాయి గదమ్మా?" అన్నారు.

అంతటి పెద్దమనిషి నన్నలా అడిగేసరికి దుఃఖం ఆగలేదు. బావురుమన్నాను. "బాగుండాయి మామా, బాగుండాయి" అని అదే మాట ఎన్నిసార్లు అన్నానో నాకే తెలియదు. అత్తగారు నన్ను పట్టుకుని లోపలికి తీసుకెళ్ళారు.

తుపాకి స్టేషనుకి వెళ్ళలేదు. అలాగని నన్ను ఊరికే వదిలిపెట్టనూ లేదు. ఆ సాయంత్రం మామగారు నన్ను వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళి, "అతనికి కూడా నువ్వే చెప్పాల" అన్నారు. చెప్పాను. పాలేరు భార్య మొహం తిప్పేసుకుంది. నాతో ఆమె సరిగ్గా మాట్లాడటానికి ఏడాది పట్టింది, అది న్యాయమే. అతను కప్పు వైపు చూస్తూ, "పూజ నాక్కూడా చేసుంటే పోయేది గదమ్మా" అన్నాడు. అతను నవ్వాడో లేదో నేను తలెత్తి చూడలేదు. అతని కాలు కుంటిదిగానే ఉండిపోయింది. అతనికున్న కాస్త సొంత చేను పనిలో సగం మా ఇల్లే చేసింది, అయినా కాలు కాలే గదా. అది నేను మోయవలసిన బరువు, మోస్తూనే ఉన్నాను.

ఇంటికొచ్చాక ఎనిమిది రోజులు మామగారు నాతో మాట్లాడలేదు. నేను వసారా వైపు పోలేదు. ఊళ్ళో నా పేరు 'గంధం కోడలు'గా మారింది. తొమ్మిదోనాడు మధ్యాహ్నం, అత్తగారు, "మీ మామ పిలస్తా ఉండాడు, పోవే" అన్నారు. వెళ్ళేసరికి ఆయన ప్రెస్సు పక్కన పీట వేసుకుని కూర్చుని ఉన్నారు. ఆ పద్దెనిమిది తూటాల మందు తనే జాగ్రత్తగా తీసేసి, ఖాళీ గొట్టాలు వరసగా పెట్టారు. ఇనుప పీట అద్దంలా మెరుస్తోంది. అత్తగారి విసనకర్రకి ఇంకో అంచు కత్తిరించినట్టుంది, భరిణెలో కొత్త ఆకు ఉంది. పానాలు రెండూ నా వైపుకి జరిపారు.

కూర్చున్నాను. నట్టు వదులు చేసి, అచ్చు దింపి, మొదట్నుంచి మళ్ళీ సర్దాను. కుదిరింది. గొట్టం తీసి పీట మీద పెట్టబోతుంటే ఆయన అడిగారు, ఎప్పుడూ అడిగే గొంతుతోనే, ఏ ఎత్తిపొడుపూ లేకుండా.

"ఆకు చూసినావా?"

అంతకు ముందు క్షణమే ఆయన కళ్ళ ముందే చూశాను. గొట్టం పక్కన పెట్టి, పిడి లాగి, ఆకు పెట్టి మళ్ళీ చూశాను. వేలికి చిన్న గీరుడు తగిలింది.

"చూసినా మామా," అన్నాను.